మ్యూజిక్ వీడియో తీయబోతున్నారా? షూటింగ్‌కు ముందు విద్యార్థి టీమ్‌లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

నేను మొదటిసారి పనిచేసిన స్టూడెంట్ మ్యూజిక్ వీడియోకి రెండు రోజులు షూటింగ్ చేశాం. ఎడిటింగ్‌కు కూర్చున్నాకే అసలు సంగతి బయటపడింది. సెట్‌లో మేం మోగించిన పాట టెంపో (వేగం) 96 బీపీఎం, అంటే నిమిషానికి 96 బీట్లు. షూటింగ్ అయ్యాక, సంగీతం చేసిన అబ్బాయికి పాటలో ఊపు తక్కువైనట్టు అనిపించి 98కి పెంచాడు. ఆ కొత్త మిక్స్‌నే ఎడిటర్‌కు పంపాడు. విడిగా వింటే ఎవరికీ తేడా తెలియదు. టైమ్‌లైన్ మీద పెడితే మొదటి లైన్ సరిపోయింది. పల్లవి సగానికి వచ్చేసరికి పాట ఒక మాట దగ్గరుంటే గాయని పెదాలు వెనకటి మాట దగ్గరే ఉన్నాయి. నాలుగు నిమిషాల పాట చివర్లో దాదాపు 5 సెకన్ల తేడా. ఆఖరికి పాత మిక్స్‌తోనే వీడియో విడుదల చేశాం. ఆ రోజు ఆ అబ్బాయి మొహం నాకింకా గుర్తుంది. ఎంతో ఇష్టంగా సరిదిద్దుకున్న పాట బయటికి రానే లేదు.

అందుకే ఏ టీమ్ వచ్చి సలహా అడిగినా ముందు నేనడిగేది ఇదే: పాట లాక్ అయిందా? లాక్ అంటే టెంపో, పొడవు, ఇంట్రోలో ఖాళీ, అన్నీ ఖాయమై, ఇక ముట్టుకోం అని అందరూ ఒప్పుకోవడం. ఆ ఫైల్ పేరులోనే తేదీ, బీపీఎం, పొడవు రాయండి. "ఫైనల్" అని రాస్తే రేపు ఇంకో ఫైనల్ వస్తుంది. ఆ ఒక్క ఫైల్‌నే డ్యాన్స్ మాస్టర్ ప్రాక్టీసుకు, సెట్‌లో ప్లేబ్యాక్‌కు (షూటింగ్‌లో పాట మోగించడానికి), ఎడిటర్‌కు ఇవ్వండి. మాస్టరింగ్‌లో సౌండ్ మెరుగుపరచడం తర్వాతైనా కుదురుతుంది. కానీ బీట్ ఒక్కటి కూడా కదలకూడదు.

పాట ఎవరిది అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఒక పాటలో రెండు వేర్వేరు హక్కులుంటాయి. బాణీ, సాహిత్యం ఒక హక్కు. వాటిని పాడి రికార్డు చేసిన ఆడియో మరో హక్కు. పేరున్న పాటను మీ ఫ్రెండ్ కొత్తగా పాడితే రెండోది మీదవుతుంది, మొదటిది కాదు. క్లాసులో చూపించడం వేరు, యూట్యూబ్‌లో పెట్టడం వేరు. అక్కడ కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ ఆడియోను పోల్చి చూస్తుంది. హక్కుదారు కోరితే వీడియోను ఆపేస్తుంది, లేదా ఆదాయాన్ని వాళ్ళకు మళ్ళిస్తుంది. క్రియేటివ్ కామన్స్ పాటలు (చేసినవాళ్ళే కొన్ని షరతులతో వాడుకోనిచ్చే పాటలు) ఉచితం కదా అని తీసుకునేవాళ్ళు లైసెన్స్ పేరు చివరి అక్షరాలు తప్పకుండా చూడాలి. ఎన్‌డీ (నో డెరివేటివ్స్, అంటే మార్పులు చేయకూడదు) అని ఉంటే ఆ పాటతో మ్యూజిక్ వీడియో చేసి పంచుకోవడానికి వీల్లేదు. పాటకు దృశ్యాన్ని సింక్ చేయడాన్ని (జతగా కలపడాన్ని) ఆ లైసెన్స్ మార్పు చేయడంగానే లెక్కేస్తుంది. చాలామంది దీని దగ్గరే దెబ్బతింటారు.

గడియారంతో కూర్చోండి

ఇక అసలు విషయానికి వస్తాను. నేను చూసిన చిన్నా పెద్దా ప్రమాదాల్లో ఎక్కువ భాగం వెలుగు పోతోందన్న కంగారులో జరిగినవే. వైర్‌కు టేప్ వేయకపోవడం, తడి మెట్ల మీద డ్యాన్సర్‌ను పరిగెత్తించడం, మెమరీ కార్డు కాపీ కాకముందే చెరిపేయడం, ఇవన్నీ తెలియక చేసే పనులు కావు. తెలిసీ టైమ్ లేక చేసేవి. కాబట్టి షెడ్యూల్‌ను సరిగ్గా వేయడమే అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త అని నా గట్టి నమ్మకం.

లెక్క చాలా సులువు. పాట నాలుగు నిమిషాలైతే పూర్తి టేక్‌కు నాలుగు నిమిషాలు. మళ్ళీ మొదటి పొజిషన్‌కు రావడం, చెమట తుడవడం, ఫోకస్ చూసుకోవడం, పాట వెనక్కి తిప్పడం అన్నీ కలిపితే ఒక్కో టేక్‌కు పది నిమిషాలు పడుతుంది. అంటే గంటకు ఆరు. పది గంటల రోజులో సామాన్లు దించి లైట్లు పెట్టడానికి రెండు గంటలు, భోజనానికి ఒకటి, లొకేషన్ మారడానికి ఒకటి తీసేస్తే మిగిలేది ఆరు గంటలు. కాగితం మీద 36 టేక్‌లు. కెమెరా కోణం మార్చిన ప్రతిసారీ లైటింగ్‌కు పోయేది కూడా తీసేస్తే పాతిక దక్కితే గొప్ప. మీ షాట్ లిస్ట్‌లో 60 షాట్లు, మూడు లొకేషన్లు ఉంటే ఆ రోజు ఎలా ముగుస్తుందో ఇప్పుడే చెప్పొచ్చు.

షాట్లను మూడు రంగులతో గుర్తు పెట్టండి. ఇది లేకపోతే వీడియోనే లేదు అన్నవి ఒక రంగు, ఉంటే బాగుంటుంది అన్నవి ఇంకో రంగు, టైమ్ మిగిలితే చూద్దాం అన్నవి మూడోది. ఉదయం మొదటి పనిగా పాట మొత్తాన్ని ఒక వైడ్ షాట్‌లో, ఒక క్లోజప్‌లో ఆసాంతం తీసేయండి. ఆ రెండూ చేతిలో ఉంటే మధ్యాహ్నం వాన ముంచెత్తినా, గాయనికి గొంతు నొప్పి వచ్చినా వీడియో గట్టెక్కుతుంది. ఆ ధీమా ఉన్న టీమ్ సాయంత్రం కంగారు పడదు. ఇది నేను మళ్ళీ మళ్ళీ చూశాను.

లొకేషన్ రెక్కీ, అనుమతులు

రెక్కీకి, అంటే లొకేషన్‌ను ముందే చూసి రావడానికి, షూటింగ్ జరిగే వేళకే వెళ్ళండి. సాయంత్రం ఆరింటికి అందంగా కనిపించిన గోడ మీద ఉదయం పదింటికి ఎండ ఎదురు కొడుతుంది. ప్లగ్ పాయింట్లు ఎక్కడున్నాయి, బాత్‌రూమ్ ఉందా, ఫోన్ సిగ్నల్ అందుతుందా, బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఉందా, దగ్గర్లో ఆస్పత్రి ఏది, అక్కడికి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది, ఇవన్నీ రాసుకోండి. డ్యాన్స్ చేసే నేలను చేత్తో తడిమి చూడండి. గాజు ముక్కలు, మొలలు, ఇసుక కంటికి కనిపించవు. అవి చేతికే తెలుస్తాయి.

అనుమతి నోటి మాటగా వద్దు, కాగితం మీద ఉండాలి. ఏ తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏ భాగం, స్పీకర్‌లో పాట మోగించవచ్చా అన్నవి అందులో రాయించుకోండి. మామూలు షార్ట్ ఫిల్మ్‌కు ఇబ్బంది లేని చోట కూడా ఒకే పాట యాభై సార్లు గట్టిగా మోగితే పక్కింటివాళ్ళు ఊరుకోరు. కెమెరా ముందుకు వచ్చే ప్రతి ఒక్కరి దగ్గరా అంగీకార పత్రం మీద సంతకం తీసుకోండి. 18 ఏళ్ళలోపు వాళ్ళయితే తల్లిదండ్రుల సంతకం కావాలి.

అనుమతి లేని చోటికి వెళ్ళి గబగబా తీసేసుకుని వచ్చేద్దాం అన్న ఆలోచన ప్రతి స్టూడెంట్ టీమ్‌లోనూ ఎవరికో ఒకరికి వస్తుంది. 2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియాలో ఒక సినిమా యూనిట్ రైలు వంతెన మీద షూటింగ్‌కు దిగింది. పట్టాల మీద తీయడానికి రైల్వే సంస్థ అనుమతి లేదు. గూడ్స్ రైలు వచ్చింది. కెమెరా అసిస్టెంట్ సారా జోన్స్ చనిపోయింది. ఆమెకు 27 ఏళ్ళు. మరికొందరికి గాయాలయ్యాయి. దర్శకుడు నేరం ఒప్పుకుని జైలుకు వెళ్ళాడు. వాళ్ళంతా అనుభవం ఉన్నవాళ్ళే. వేగంగా వచ్చే గూడ్స్ బండి బ్రేక్ వేసినా ఆగడానికి కిలోమీటరుకు పైనే పడుతుంది. రైలు పట్టాలు, మేడ అంచులు, నడుస్తున్న కారు డిక్కీలో కూర్చుని తీసే షాట్లు, లోతు తెలియని నీళ్ళు: వీటిని స్క్రిప్ట్‌లోంచే కొట్టేయమని మిమ్మల్ని బతిమాలుతున్నాను. వీటికి బదులు ఇంకో షాట్ ఎప్పుడూ దొరుకుతుంది.

ఒక నియమం ముందే పెట్టుకోండి. ప్రమాదం కనిపిస్తే డైరెక్టర్ ఒక్కరే కాదు, టీ అందించే జూనియర్ కూడా "కట్" అనొచ్చు. అన్నవాళ్ళను ఎవరూ కసురుకోకూడదు. అసిస్టెంట్ డైరెక్టర్ ఉదయం అందరినీ నిలబెట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి.

కరెంటు, లైట్లు, పొగ

లైట్ల వాట్లను వోల్టేజీతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల లైట్ నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఒక గదిలోని ప్లగ్‌లన్నీ చాలాసార్లు ఒకే బ్రేకర్ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) మీద ఉంటాయి కాబట్టి లైట్లను వేర్వేరు గదుల నుంచి పంచుకోండి. ఎక్స్‌టెన్షన్ రీల్‌ను మొత్తం విప్పి వాడండి. చుట్టగా ఉన్న తీగ వేడెక్కి పైతొడుగు కరిగిపోతుంది. ఒక ఎక్స్‌టెన్షన్‌కు ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించొద్దు.

ఒకసారి ఆరుబయట షూటింగ్‌లో లైట్‌కు తెల్ల గొడుగు పెట్టాం. చిన్న గాలే వీచింది. గొడుగు తెరచాపలా గాలి పట్టింది. స్టాండ్ మెల్లగా, చాలా మెల్లగా, డ్యాన్సర్ల వైపు ఒరగడం నేను చూస్తూనే ఉన్నాను. నోట మాట రాలేదు. కాలు అడ్డం పెట్టింది పక్కనున్న అమ్మాయి. స్టాండ్ కాలి మీద ఇసుక సంచీ లేదు. ఇప్పుడు నా సెట్‌లో లైట్ కన్నా ముందు సంచీలు దిగుతాయి. స్టాండ్ మూడు కాళ్ళలో ఒకటి లైట్ బరువు ఉన్న వైపుకే తిప్పి, ఇసుక సంచీని స్టాండ్ మీద వేలాడేలా కట్టండి. లైట్ వెలిగినంతసేపూ ఒక మనిషి పక్కనే ఉండాలి.

ఫాగ్ మెషీన్ పొగకు ఫైర్ అలారం మోగొచ్చు, నేల జారుడుగా మారొచ్చు, ఆస్తమా ఉన్నవాళ్ళకు ఊపిరి ఆడకపోవచ్చు. ఎవరికి ఏ ఇబ్బంది ఉందో ముందురోజే విడిగా అడగండి. అందరి ముందు అడిగితే చెప్పరు. రంగు పొగ బాంబులు గది లోపల అసలు వెలిగించొద్దు.

స్ట్రోబ్ లైట్ల (వేగంగా వెలిగి ఆరే లైట్ల) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మెరిసిన సీన్ చూసి వందలాది పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. ఫోటోసెన్సిటివ్ ఎపిలెప్సీ ఉన్నవాళ్ళకు మెరుపుల వల్ల ఫిట్స్ రావచ్చు. తమకు అది ఉందని అప్పటిదాకా తెలియనివాళ్ళు కూడా ఉంటారు. సెకనుకు మూడు మెరుపులు దాటకూడదన్నది వెబ్ ప్రమాణాలు పెట్టిన హద్దు. ముదురు ఎరుపు ఇంకా ప్రమాదం. సెట్‌లో స్ట్రోబ్ వేసే ముందు అరిచి చెప్పండి. ఎడిటింగ్‌లో వేగంగా కట్‌లు వేసినా మెరుపులే అవుతాయి కాబట్టి అక్కడా లెక్కపెట్టండి.

ప్లేబ్యాక్, కెమెరా

పాట మోగించే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. అద్భుతమైన టేక్ మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే పాట ఆగిపోతుంది. పాటకు ముందు నాలుగు బీప్‌లు కలిపిన ఫైల్ తయారుచేసుకుంటే అందరూ ఒక్కసారిగా ఎత్తుకుంటారు, ఎడిటర్‌కు సింక్ కూడా సులువవుతుంది. స్పీకర్ సౌండ్ విషయంలో చెవులను కాపాడుకోండి. అమెరికా పరిశోధనా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ సౌండ్‌లో 8 గంటలు ఉండొచ్చు. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమైపోతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. స్పీకర్ పక్కన రోజంతా కూర్చునే పిల్లవాడికి ఇయర్ ప్లగ్స్ ఇవ్వండి.

స్లో మోషన్‌లో లిప్ సింక్ (పాటకు పెదాలు కలవడం) కావాలంటే ముందే సిద్ధపడాలి. సెకనుకు 25 ఫ్రేమ్‌ల వీడియోకి 50 ఫ్రేమ్‌లలో తీస్తే సెట్‌లో పాటను రెండింతల వేగంతో మోగించాలి. గాయకులు ఆ వేగానికి పెదాలు కదపడం ఇంటి దగ్గరే సాధన చేయాలి. 100 ఫ్రేమ్‌లకు వెళ్తే నాలుగింతలు. ఆ వేగానికి మాటలు నోటికి తిరగవు. అలాంటి షాట్లలో పాడించకండి.

కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ ఉన్న చోట షటర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేమ్‌కు వెలుగు పడే సమయం) సెకనులో 1/50 లేదా 1/100 వంతు, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/60 లేదా 1/120 పెడితే ట్యూబ్‌లైట్లు, ఎల్‌ఈడీలు చాలావరకు మినుకుమినుకుమనవు. రెక్కీలోనే ఒక నిమిషం తీసి పెద్ద తెర మీద చూసుకోండి. ఫోన్‌తో తీసేవాళ్ళు ఫ్రేమ్ రేట్‌ను లాక్ చేసే యాప్ వాడండి. లేకపోతే ఫోన్ తనంతట తాను ఫ్రేమ్ రేట్ మార్చేస్తుంటుంది, ఎడిటింగ్‌లో పెదాలు పాట నుంచి జారిపోతాయి.

ముందురోజు రాత్రి, షూటింగ్ రోజు రాత్రి

బ్యాటరీలన్నీ ఛార్జ్ చేసి, కార్డులు ఖాళీ చేసి, అద్దెకు తెచ్చిన ప్రతి వస్తువునూ ఫోటో తీసి పెట్టండి. సెకనుకు 100 మెగాబిట్ల క్వాలిటీతో తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. 128 జీబీ కార్డు మూడు గంటలకు ముందే నిండుతుంది. నిండిన కార్డుకు ఎర్ర టేప్ అంటించి ఒక్కరి చేతికే ఇవ్వండి. ఫైళ్ళు రెండు వేర్వేరు డ్రైవ్‌ల మీదకు కాపీ అయి, రెండింటిలోనూ నాలుగైదు క్లిప్‌లు తెరిచి చూశాకే కార్డును ఫార్మాట్ చేయాలి. ఆ రెండు డ్రైవ్‌లూ ఒకే బ్యాగులో ఇంటికి వెళ్ళకూడదు.

సెట్‌లో పన్నెండు గంటలు దాటనివ్వకండి. దాటితే మిగిలిన షాట్లు వదిలేయండి. ఆ రాత్రి బండి నడపాల్సినవాళ్ళు ఉదయం నుంచి నిలబడే ఉన్నారని గుర్తుపెట్టుకుని, ఎవరు ఎవరితో వెళ్తున్నారో కాల్ షీట్‌లోనే (ఆ రోజు ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉండాలో రాసిన కాగితంలోనే) రాయండి. చివరి మనిషి ఇంటికి చేరినట్టు గ్రూప్‌లో మెసేజ్ పెట్టేదాకా ప్రొడక్షన్ చూసుకునేవాళ్ళు నిద్రపోకూడదు.