అటక మీద ఎవరున్నారో ముందు తేల్చుకోండి

మాది కోనసీమ. పాతికేళ్ళుగా పెంకుటిళ్ళు సర్దే పని నాది. తొలకరికి ముందు గూనపెంకులన్నీ దించి, విరిగినవి తీసేసి మళ్ళీ పరుస్తాను. ఎక్కడ కారుతోందో చూడమని పిలుస్తారు గానీ, తీరా వెళ్ళాక గొంతు తగ్గించి అడిగేది వేరు: "మేస్త్రీ, రాత్రిపూట అటక మీద మనిషి నడిచినట్టు ఉంటోందయ్యా, ఏంటంటావు?"

చప్పుడు పెద్దదైతే జంతువు పెద్దదనుకోకండి. ఎలుక ఒక కొబ్బరిచిప్పను చెక్క అటక మీద ఈడ్చిందంటే, కింద పడుకున్నవాళ్ళకి దొంగ దూరినట్టే వినబడుతుంది. నేను అడిగేది ఎంత చప్పుడని కాదు, ఏ వేళప్పుడని.

పగటిపూట అయితే ఉడుత. కొబ్బరి పీచు, పరుపులోని దూది, పాత చీర పోగులు పోగేసి గూడు కడుతుంది. చీకటి పడితే ఇక కదలదు. దీపాలు పెట్టే వేళ కిచకిచలు వినబడితే వాకిట్లోకొచ్చి చూరు వైపు చూస్తూ నిలబడండి. గబ్బిలాలైతే వేలు పట్టే సందులోంచి కూడా ఒక్కొక్కటీ రాలినట్టు బయటికొస్తాయి. రాత్రంతా ఆగి ఆగి కొరుకుడు, గీకుడు ఉంటే ఎలుకలు. అలాకాక రాత్రి భోజనాలయ్యాక ఒకసారి బరువుగా నడిచి, మధ్యలో అంతా నిశ్శబ్దమై, కోడి కూసే ముందు మళ్ళీ నడిచిందంటే అది మానుపిల్లి, చెట్లెక్కి తిరిగే పునుగుపిల్లి లాంటి జంతువు. మొదటిసారి మేతకు పోవడం, రెండోసారి ఇంటికి రావడం. పందికొక్కు ఎక్కిందని చాలామంది అంటారు. అది నేలలో బొరియలు తవ్వే జాతి, అటక మీద నేనైతే ఇంతవరకూ చూడలేదు.

వేళ తెలిశాక పెంటికలు చూడాలి. ముక్కుకి గుడ్డ కట్టుకుని, టార్చి పట్టుకుని పగలే ఎక్కండి. ఎలుకవీ గబ్బిలానివీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పుల్లతో నొక్కి చూడండి. ఎండిన గబ్బిలం పెంటిక పొడైపోతుంది, ఆ పొడిలో పురుగుల రెక్కలు తళుక్కుమంటాయి. ఎలుకది అలా నలగదు. గబ్బిలాల పెంటికలు పొడిగా ఉండగా చీపురు వెయ్యకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్ళు చల్లి ఎత్తండి.

మానుపిల్లి ఎక్కువగా ఒకే చోట వేస్తుంది, అందులో అరగని గింజలుంటాయి. సపోటా, నేరేడు, జామ, ఏ కాలంలో పండేవి ఆ కాలంలో. తాటిచెట్టు మీది కల్లు కుండల్లో మూతి పెట్టేది కూడా ఇదే, గీతవాళ్ళనడిగితే కథలు కథలుగా చెబుతారు. మా ఊళ్ళో దీన్నీ పునుగుపిల్లే అంటారు. ఒకింటి మామ్మగారు తిరుమల స్వామికి పూసే పునుగు తలుచుకుని అటకకు దణ్ణం పెట్టి, ఇక నన్ను పైకి ఎక్కనివ్వలేదు.

ఇంకో ఇంట్లో బుస్సుబుస్సుమని ఒకటే బుస. పామని ఇల్లంతా ఖాళీ చేసి అరుగు మీద కూర్చున్నారు. పాములవాడితో కలిసి నేనూ ఎక్కాను. దూలం మూల ఐదు తెల్లగుడ్లగూబ పిల్లలు, కోసిన యాపిల్ ముక్కల్లాంటి మొహాలతో మా వైపే చూస్తున్నాయి. ఆ బుస వాటిదే. కింద సున్నం ఒలికినట్టు తెల్లటి మరకలు, గుడ్లగూబలు కక్కిన బొటనవేలంత బూడిదరంగు ఉండలు ఉన్నాయి. ఒక ఉండ విప్పితే ఎలుక బొచ్చు, పుర్రె, చిన్న చిన్న ఎముకలు. చావుపిట్ట అని కర్రలు తీశారు గానీ, గాదె దగ్గర ఎలుకల్ని తినేది ఇవేనని నచ్చజెప్పాను. రెండు నెలలు ఓపిక పడితే పిల్లలు ఎగిరిపోతాయి.

నిజంగా పామే అయితే కుబుసం దొరుకుతుంది, లేదా అల్లరి చేసే ఎలుకలు ఉన్నట్టుండి మాయమవుతాయి. ఎక్కువసార్లు జెర్రిపోతే. అయినా చీకట్లో జెర్రిపోతో నాగుపామో తేల్చే పని మనది కాదు. దిగిపోయి, అటవీశాఖకో పాములు పట్టేవాళ్ళకో ఫోన్ చెయ్యండి.

ఇంకా అనుమానముంటే సాయంత్రం అటక మీద పేపరు పరిచి ముగ్గు జల్లండి. బియ్యప్పిండి వద్దు, తెల్లారేసరికి ఎలుకలే తినేస్తాయి. రాతిముగ్గు వాడండి. పొద్దున్న నాలుగు వేళ్ళు కనబడి గోళ్ళ గుర్తు లేకపోతే మామూలు పిల్లి. ఐదు వేళ్ళుంటే మానుపిల్లి. బుల్లి పాదాల మధ్య సన్నటి తోక గీత ఉంటే ఎలుక.

ఏదో తెలిశాకే కన్నం మూయాలి, అదీ ఆ జీవి బయటికెళ్ళాక. పిల్లలుంటే అసలు మూయకూడదు. ఒకసారి నేనే తొందరపడి మిట్టమధ్యాహ్నం మూసేశాను. లోపల మానుపిల్లి నిద్రపోతోంది. ఆ రాత్రి అది వేసిన గంతులకి కప్పులో సగం పెంకులు జారి పగిలాయి. కొత్తవి నా డబ్బులతోనే వేశాను. మానుపిల్లినీ గుడ్లగూబనీ చంపినా, పట్టినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అందుకని బోను పెట్టమని ఎవరన్నా నేను పెట్టను. కప్పు మీదికి వాలిన మామిడి కొమ్మనో, తాకుతున్న కొబ్బరి మట్టనో కొట్టేస్తాను. చాలా ఇళ్ళకి ఆ కొమ్మే నిచ్చెన.