గొర్రెకు కడుపు ఉబ్బితే మందు ఎలా తాగించాలి?

వాన పడి తెరిపి ఇచ్చాక మందను పచ్చి పల్లి చేలోకో, అలసంద తీగలోకో తోలితే సాయంత్రానికి ఒకటో రెండో గొర్రెలకు కడుపు ఉబ్బుతుంది. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇది ఏటా చూసేదే. ఉబ్బరంతో పోయే వాటికంటే మనం మందు తప్పుగా తాగించి చంపుకునేవే ఎక్కువేమో అని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

ముందు గుర్తుపట్టండి. గొర్రె వెనకాల నిలబడి చూస్తే ఎడమ డొక్క, నడుం ఎముక కింద గుంత ఉండాల్సిన చోట, పైకి లేచి ఉంటుంది. వేలితో కొడితే డప్పులా మోగుతుంది. నెమరు ఆగిపోతుంది, పళ్లు కొరుకుతుంది, మాటిమాటికీ లేచి కూర్చుంటుంది.

ఏం తిన్నదో కనుక్కోకుండా మందు పట్టుకోవద్దు. పచ్చి పల్లి, అలసంద తింటే కడుపులో నురగ కడుతుంది, దానికి నూనె పనిచేస్తుంది. కల్లంలో వడ్లు, మక్కలు మెక్కితే అది పులుపు చేరడం; నూనెతో పోదు. పెద్ద గొర్రెకు 15 గ్రాముల వంట సోడా అర లీటరు నీళ్లలో కలిపి పట్టి, వెంటనే డాక్టర్‌ను పిలవాలి. బత్తాయి తోటలో రాలిన కాయ మింగి మెడ సాచి చొంగ కారుస్తుంటే గొంతులో అడ్డం పడినట్టే. దానికి ఏ మందూ పోయవద్దు, పోసింది ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

నురగ ఉబ్బరమైతే పెద్ద గొర్రెకు 50 మిల్లీలీటర్ల పల్లి నూనె, పిల్లకు 20 చాలు. కిరోసిన్ పోసేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి మానండి. సూది తీసేసిన పెద్ద సిరంజి కావాలి, అంతే.

ఇక తాగించడం. అందరూ తప్పు చేసేది ఇక్కడే. గొర్రెను గోడకు ఆనించి, మీ మోకాలు దాని భుజానికి తగిలేలా నిలబడండి. గదవ కింద చెయ్యి పెట్టి తలను నేలకు సమంగా ఉంచండి. ముక్కు కన్ను కంటే పైకి లేవకూడదు. తల ఎత్తి పట్టుకుని సీసాతో గడగడా పోస్తే మింగడానికి దానికి సందు దొరకదు, నూనె శ్వాసనాళంలోకి జారుతుంది. నీళ్లు పోతే దగ్గుతుంది, నూనె పోతే దగ్గు కూడా సరిగ్గా రాదు, అందుకే మనకు తెలియదు.

పెదవి మూలన ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. సిరంజి కొన అక్కడి నుంచి పక్కగా నాలుక మీదికి పెట్టండి. 10 మిల్లీలీటర్లు పోసి ఆగండి. గొంతు కదిలి గుటక పడింది చూశాకే మళ్లీ పోయండి. నాలుక బయటికి లాగి పట్టుకోవద్దు, అలా పడితే గుటక వేయలేదు. దగ్గితే వెంటనే తల కిందికి వదలండి. పడిపోయిన గొర్రెనైతే ముందు రొమ్ము మీద కూర్చోబెట్టాలి, పక్కకు పడి ఉండగా చుక్క కూడా పోయవద్దు.

మా మందలో ఒక సూడి గొర్రెకు పక్కింటాయన బీరు సీసాతో తల మీదికెత్తి తాగించాడు. ఉబ్బరం రాత్రికే తగ్గింది. మూడో రోజు ముక్కు రంధ్రాలు పెద్దగా తెరిచి ఎగరొప్పుతూ, దొడ్డి మూలన నిలబడే ప్రాణం విడిచింది. అప్పటి నుంచి సీసా, వెదురు గొట్టం నేను ముట్టుకోలేదు. సిరంజిలో ఎంత పోతోందో కళ్లకు కనిపిస్తుంది, చేతిలో ఆగుతుంది.

తాగించాక ముందు కాళ్లు ఎత్తుమీద ఉండేలా నిలబెట్టి, ఎడమ డొక్కను పిడికిలితో మెల్లగా నొక్కుతూ అరగంట ఉండండి. తేన్పులు వస్తే గండం గడిచినట్టే. నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే మాత్రం ఇంటి వైద్యం ఆపి పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. కత్తితో డొక్క పొడవడం లాంటివి మీరు చేయవద్దు. మరునాడు ఎండుగడ్డి మాత్రమే వేసి, నెమరు మొదలైందో లేదో దగ్గర కూర్చుని చూడండి.