ఏజెంట్ పంపిన ఫ్లైట్ టికెట్ పీడీఎఫ్‌లో ముందు ఏం చూడాలి

మన గుంటూరు, బెజవాడల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు వీధికి నాలుగైనా ఉంటాయి, బ్రాడీపేట ఏజెంటో గవర్నర్‌పేట ఏజెంటో వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపిస్తాడు, దాంట్లో పీఎన్ఆర్ కనపడగానే హమ్మయ్య టికెట్ అయిపోయింది అనుకుంటాం. అక్కడే ఆగండి. పీఎన్ఆర్ అంటే బుకింగ్ రికార్డు మాత్రమే, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉంటాయి (రైలుదైతే పది అంకెలు). డబ్బు కట్టి టికెట్ ఇష్యూ చేశారా లేదా అనేది అది చెప్పదు.

అందుకే ముందు ఈ-టికెట్ నంబర్ వెతకండి. మొత్తం 13 అంకెలు. మొదటి మూడు ఏ ఎయిర్‌లైన్ టికెట్టో చెప్తాయి, 098 అయితే ఎయిరిండియా, 176 ఎమిరేట్స్, 157 ఖతార్. ఆ నంబర్ లేకుండా ఉత్త ఐటినరీ (ప్రయాణ వివరాల కాగితం) పంపాడంటే సీటు హోల్డ్‌లో పెట్టాడేమో, స్టేటస్‌లో హెచ్‌కే అని కన్ఫర్మ్ చూపిస్తున్నా సరే, గడువులోపు టికెట్ చెయ్యకపోతే సిస్టమే క్యాన్సిల్ చేసి పడేస్తుంది. హెచ్‌ఎల్ అని ఉంటే ఇంకా వెయిటింగ్‌లోనే ఉన్నట్టు. ఇండిగో లాంటి వాటిల్లో లోకల్ టికెట్ కొంటే ఈ 13 అంకెలు కనపడకపోవచ్చు, అక్కడ కన్ఫర్మ్‌డ్ అని ఉందా లేదా చూస్కుంటే చాలు.

తర్వాత ఆ పీఎన్ఆర్ తీస్కెళ్ళి ఎయిర్‌లైన్ సైట్లో మేనేజ్ బుకింగ్‌లో కొట్టండి. రాలేదా, కంగారు పడకండి. ఏజెంట్లు బుక్ చేసేది అమాడియస్, సేబర్, గెలీలియో లాంటి సిస్టమ్స్‌లో, ఆ సిస్టమ్ ఇచ్చే కోడ్ వేరు, ఎయిర్‌లైన్ దగ్గరుండే కోడ్ వేరు కావచ్చు. "ఎయిర్‌లైన్ పీఎన్ఆర్ ఇవ్వండి" అని అడగండి, రెండు కంపెనీల విమానాలు కలిస్తే రెండు కోడ్‌లు కూడా ఉండొచ్చు.

అప్పటికీ తెరుచుకోకపోతే పేరు దగ్గర తేడా ఉండుంటది. లాస్ట్ నేమ్ అంటే పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే, మనం సంతకంలో ఇంటిపేరు ముందు రాస్తామా వెనక రాస్తామా అనేదానితో దానికి పనిలేదు. టికెట్ మీద ముందు ఇంటిపేరు, ఒక ఏటవాలు గీత (/), తర్వాత పేరు, దానికే అతుక్కుపోయి ఎంఆర్‌ఎస్ అని ఉంటది, సుబ్బమ్మఎంఆర్‌ఎస్ అన్నట్టు, అది చూసి పేరు తప్పు పడిందని గొడవపడొద్దు. నిజంగా స్పెల్లింగ్ తేడా ఉంటే మాత్రం ఆ రోజే ఫోన్ చెయ్యండి.

ఇక ఫ్లైట్ నంబర్. ముందు రెండూ కంపెనీ కోడ్: ఏఐ ఎయిరిండియా, ఐఎక్స్ ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్, ఈకే ఎమిరేట్స్, క్యూఆర్ ఖతార్, ఆరంకె పక్కన ఈ ఉంటే ఇండిగో. దాని కింద చిన్నక్షరాల్లో "ఆపరేటెడ్ బై" అని ఇంకో కంపెనీ పేరుంటే అది కోడ్‌షేర్, టికెట్ ఒకళ్ళది విమానం ఇంకొకళ్ళది. చెకిన్‌కి మామూలుగా విమానం నడిపేవాళ్ళ కౌంటర్‌కే వెళ్ళాలి, పెద్దవాళ్ళు టెర్మినల్ మారిపోయి తిరిగేది ఎక్కువ దీనివల్లే.

నా లెక్కలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఏంటంటే, వీజీఏ అంటే మన గన్నవరం, అక్కణ్ణుంచి ఢిల్లీకి ఒక టికెట్, ఢిల్లీ నుంచి అమెరికాకి ఇంకో టికెట్ విడివిడిగా కొనడం. నాలుగు డబ్బులు మిగులుతాయి నిజమే, కానీ మొదటిది లేటయి రెండోది పోతే రెండో కంపెనీ మీ మొహం కూడా చూడకపోవచ్చు, సామాను కూడా ఢిల్లీలో తీసుకుని మళ్ళీ వెయ్యాల్సి రావచ్చు. అమ్మానాన్నల్ని ఒంటరిగా పంపేటప్పుడైతే మొత్తం ఒకే టికెట్ మీద ఉండేలా చెయ్యమనండి.

పీఎన్ఆర్, ఇంటిపేరు ఈ రెండూ తెలిస్తే చాలా ఎయిర్‌లైన్స్ సైట్లలో ఎవరైనా మీ బుకింగ్ తెరిచి మార్చేయొచ్చు, బోర్డింగ్ పాస్ బార్‌కోడ్‌లో కూడా ఆ రెండూ ఉంటాయి కాబట్టి ఫేస్‌బుక్‌లో దాని ఫొటో పెట్టొద్దు.

గన్నవరంలో సామాను వేసేటప్పుడు బ్యాగ్ ట్యాగ్ మీద ఆఖరి ఊరి కోడ్ ఏముందో అక్కడే చదవండి. డల్లాస్ అయితే డీఎఫ్‌డబ్ల్యూ అని ఉండాలి. అలా ఉన్నా అమెరికాలో మొదట దిగిన ఊళ్ళో కస్టమ్స్ కోసం మామూలుగా సామాను తీసుకుని మళ్ళీ వెయ్యాలి, ఇది మాత్రం పెద్దవాళ్ళకి కాగితం మీద తెలుగులో రాసిచ్చి పంపండి.