జర్మనీలో తొలి సెమిస్టరు: చదువుతో పాటు సర్దుకోవలసినవి

ఎం.ఎస్. చదవడానికి హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో జర్మనీకి బయలుదేరే విద్యార్థి ముందుగా దిగులు పడేది చలి గురించి, అన్నం గురించి. నిజానికి ఆ రెండింటికీ పరిష్కారం దుకాణంలోనే దొరుకుతుంది. మనవాళ్ళను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఉత్తరాలు, గడువులు. ఫోనుకు మెసేజీ రాలేదంటే పని ఏమీ లేదని అనుకోవడం మనకు అలవాటు; అక్కడ బ్యాంకు, ఆరోగ్య బీమా సంస్థ, పన్నుల కార్యాలయం ముఖ్యమైన సంగతులను ఇప్పటికీ కాగితం మీద ముద్రించి, కవరులో పెట్టి ఇంటికి పంపుతాయి.

అందువల్ల గదిలో చేరిన రోజునే, సామాను విప్పకముందే, తపాలా పెట్టె మీద, వీధి తలుపు గంట పక్కన మీ ఇంటిపేరు అతికించాలి. జర్మనీ చిరునామాల్లో సాధారణంగా ఫ్లాటు నంబరు ఉండదు. తపాలా మనిషి పేరు చూసి ఉత్తరం వేస్తాడు, పేరు కనిపించకపోతే వెనక్కి పంపుతాడు. నేను చేరిన కొత్తలో పెట్టె మీద నాతో ఉండే అతని పేరు ఒక్కటే ఉండేది. నా బ్యాంకు కార్డు తిరిగి వెళ్ళిపోయి, మళ్ళీ చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏది ఉంటే అదే రాయాలి, పొడి అక్షరాలు పనికిరావు. వచ్చిన ఉత్తరం జర్మన్‌లో ఉందని సొరుగులో పడేయకుండా, ఫోను కెమెరాతో అనువదించుకుని, అందులో గడువు తేదీ ఎక్కడుందో ముందు వెతకండి. 'ఫ్రిస్ట్' అన్న మాట కనబడితే అది గడువు అని అర్థం.

తర్వాతి మెట్టు ఆన్‌మెల్డుంగ్, అంటే నివాస నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాలలోపు నగర కార్యాలయంలో ఇది చేయించుకోవాలని చట్టం చెబుతుంది. ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం లేనిదే నమోదు జరగదు కనుక, ఆ పత్రం ఇవ్వనంటున్న గదికి, అద్దె ఎంత తక్కువైనా, ఒప్పుకోవద్దు. పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం; తెల్లవారుజామున వెబ్‌సైటు తెరిచి చూస్తే ఎవరో రద్దు చేసుకున్న సమయం ఒక్కోసారి దొరుకుతుంది. పన్ను గుర్తింపు సంఖ్య రావాలన్నా, నివాస అనుమతి పొడిగించుకోవాలన్నా ఈ నమోదు ఉండాల్సిందే. నమోదైన కొన్నాళ్ళకు ప్రసార రుసుము (రేడియో, టీవీ ప్రసారాల కోసం వసూలు చేసేది) కట్టమని మరో ఉత్తరం వస్తుంది. టీవీ లేకపోయినా నెలకు 18.36 యూరోలు కట్టాలి. అయితే అది మనిషికి కాదు, ఇంటికి. ముగ్గురు కలిసి ఉంటే ఒకరు కట్టి, మిగతా ఇద్దరు ఆ రుసుము ఖాతా సంఖ్య తెలియజేస్తే సరిపోతుంది.

తరగతుల విషయంలో మనకు అన్నిటికంటే కొత్తగా ఉండేది స్వేచ్ఛ. చాలా లెక్చర్లకు హాజరు పట్టీ ఉండదు, మిడ్‌ పరీక్షలు ఉండవు, పలు సబ్జెక్టుల్లో చివరి పరీక్ష ఒక్కటే మొత్తం మార్కును తేలుస్తుంది. కోర్సులో చేరినంత మాత్రాన పరీక్షకు నమోదైనట్టు కాదు; దానికి విడిగా, గడువులోపల నమోదు చేసుకోవాలి. మన దగ్గర బ్యాక్‌లాగ్ మళ్ళీ మళ్ళీ రాసుకున్నట్టు అక్కడ కుదరదు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే ఉంటాయి. తప్పనిసరి సబ్జెక్టులో అవి కూడా అయిపోతే, అదే కోర్సును జర్మనీలో మరోచోట కొనసాగించడం కూడా సాధారణంగా సాధ్యం కాదు. కాబట్టి మొదటి సెమిస్టరులో ఆరు సబ్జెక్టులు ఎత్తుకుని సగంలో చతికిలపడటం కంటే నాలుగింటిని గట్టిగా చదవడమే మేలని నా అభిప్రాయం. గ్రేడు 1.0 అంటే అత్యుత్తమం, 4.0 అంటే గట్టెక్కినట్టు. ఈ తలకిందుల లెక్క ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. టైంటేబులులో '10 సి.టి.' అని ఉంటే తరగతి 10:15కు మొదలవుతుంది, 'ఎస్.టి.' అని ఉంటే సరిగ్గా పదికి.

మర్యాద విషయంలో మాత్రం తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. జర్మన్‌లో 'డూ', 'జీ' అనే రెండు మాటలు మన నువ్వు, మీరు లాంటివే. తోటి విద్యార్థిని మొదటి రోజు నుంచే 'డూ' అనవచ్చు. ప్రొఫెసరును, కార్యాలయంలో గుమాస్తాను, పక్కింటి పెద్దామెను వారే చెప్పేదాకా 'జీ' అనాలి.

ఇంటి సంగతికి వస్తే, మన మిక్సీ అక్కడ పనిచేస్తుంది. కరెంటు 230 వోల్టులే, ప్లగ్గుకు అడాప్టరు ఉంటే చాలు. చిక్కు చప్పుడుతోనే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, ఆదివారమైతే రోజంతా నిశ్శబ్దం పాటించాలి. ఆదివారం ఉదయం పప్పు రుబ్బితే కింది అంతస్తు వాళ్ళు తలుపు తడతారు. రుబ్బిన పిండి చలికి పులవదు. ఓవెన్‌లో లైటు మాత్రం వేసి, పిండిని రాత్రంతా అందులో ఉంచితే తెల్లవారేసరికి పొంగుతుంది. పోపు పెట్టాక, స్నానం చేశాక కిటికీని బార్లా తెరిచి ఐదు, పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. చలి అని మూసేసి ఉంచితే గోడకు బూజు పట్టి, మీరు కట్టిన డిపాజిట్టుకు కోత పడుతుంది.

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. మనకూ వారికీ మూడున్నర గంటలున్న తేడా నాలుగున్నర అవుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటితే చీకటి పడుతుంది, అప్పుడు ఇంట్లో అమ్మా నాన్నా రాత్రి భోజనానికి కూర్చుంటారు. ఆ వేళ ఫోను చేయడం మంచిదే కానీ, గంటల తరబడి తెరకు అతుక్కుపోతే మనసు అక్కడే ఉండిపోతుంది. వెలుతురున్నప్పుడు ఒక గంట బయట నడవడం ఆ దిగులుకు మాత్రలకంటే ముందు ప్రయత్నించవలసిన మందు.

సంక్రాంతి వచ్చేసరికి పరీక్షలు దగ్గరపడతాయి, సెలవు ఉండదు. అరిసెల పిండి, బెల్లం ముందే తెచ్చి పెట్టుకుని పండగ వంట శనివారం పెట్టుకోవాలి; ఆదివారమైతే దుకాణాలు తెరిచి ఉండవు, మిక్సీ తిప్పే వీలూ ఉండదు.