వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఐఎన్ఆర్‌ను అదుపులో ఉంచుకోవడం ఎలా?

1948లో అమెరికాలో ఎలుకల మందుగా బజారుకొచ్చిన వార్ఫరిన్, 1954 నుంచి మనుషులకూ మందైంది. రెండుచోట్లా చేసే పని ఒకటే: విటమిన్ కె సాయంతో కాలేయం తయారుచేసే, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను తగ్గించడం. తేడా అంతా మోతాదులో ఉంది. దాన్ని సరిచూసేదే పీటీ-ఐఎన్ఆర్ పరీక్ష. రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె ఐఎన్ఆర్: మరీ పెరిగితే రక్తస్రావం, మరీ తగ్గితే గడ్డల భయం. కాలి సిరల్లో గడ్డలున్నవాళ్లకు సాధారణంగా 2-3 మధ్య, గుండెలో ఎడమవైపుండే మైట్రల్ వాల్వు చోట లోహపు వాల్వు వేసినవాళ్లకు 2.5-3.5 మధ్య ఉండాలి. మీకు ఎంత ఉండాలో డాక్టరుచేత చీటీ మీద రాయించుకోండి.

మాత్ర రోజూ సాయంత్రం ఒకే వేళకు వేసుకోండి. పొద్దున రక్తమిస్తే, రిపోర్టును బట్టి ఆ పూట మోతాదే మార్చడానికి వీలుంటుంది. మర్చిపోయిన మాత్ర అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే వదిలేయండి, రెండూ కలిపి మాత్రం వేయొద్దు. ఎసిట్రోమ్ కూడా ఈ కోవ మందే గానీ మోతాదు లెక్క వేరు. షాపువాడు ఒకదానికి బదులు ఇంకోటి ఇస్తే తీసుకోకండి.

రక్తం తీసేటప్పుడు నీలం మూత గొట్టం గీత దాకా నిండిందో లేదో చూడండి. తక్కువ పడితే అందులో ముందే ఉండే, రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ వాటా పెరిగి, ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె నమ్మి మోతాదు తగ్గిస్తే గడ్డ కట్టే ప్రమాదం.

ఆకుకూరలు మానక్కర్లేదు. వారంవారం ఇంచుమించు ఒకేలా తినాలి, అంతే. ఆషాఢమని నాలుగు రోజులు వరసగా మునగాకు లాగిస్తే ఐఎన్ఆర్ పడిపోవచ్చు. ఉన్నట్టుండి తోటకూర, పాలకూర మానేస్తే పెరుగుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది పక్క మందుల దగ్గర. విరేచనాలకని మెట్రోనిడజోల్, తామరకని ఫ్లూకొనజోల్ వాడితే ఐఎన్ఆర్ కొద్ది రోజుల్లోనే బాగా పెరుగుతుంది. టీబీకిచ్చే రిఫాంపిసిన్ తగ్గించేస్తుంది, ఆ కోర్సు ఆపాక మళ్లీ పెరుగుతుంది. ఇలాంటి మందు మొదలుపెట్టినా ఆపినా 3-5 రోజుల్లో పరీక్ష చేయించండి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వద్దు. ఐఎన్ఆర్ మామూలుగానే ఉన్నా కడుపులో రక్తస్రావం కావచ్చు. జ్వరమొస్తే ఆర్‌ఎంపీ డాక్టరు తుంటికి ఇంజెక్షన్ వేస్తానన్నా ఒప్పుకోకండి, కండరం లోపల నెత్తురు కారి, పేరుకుని వాచిపోతుంది.

గర్భం వస్తే, లేదా రావాలనుకుంటే, వెంటనే డాక్టరుకు చెప్పాలి. 6-12 వారాల మధ్య ఈ మందు బిడ్డకు హాని చేస్తుంది. అలాగని సొంతంగా ఆపేయకండి, బదులుగా హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్) ఇవ్వాలో లేదో డాక్టరు చూస్తారు.

మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రబడినా, ముక్కు నొక్కి పట్టుకున్నా 10 నిమిషాలకు రక్తం ఆగకపోయినా ఆస్పత్రికి వెళ్లండి. తలకు గట్టి దెబ్బ తగిలితే పైకి చుక్క నెత్తురు కనబడకపోయినా ఆగకండి. వార్ఫరిన్ వేసుకుంటున్నామని వెళ్లగానే చెప్పండి.