ఇంట్లో బట్టల్లేకుండా ఉండేవాళ్ళకు చలికాలం జాగ్రత్తలు: బెజవాడ, గుంటూరు ఇళ్ళ కోసం

డిసెంబరు, జనవరి నెలల్లో మన వైపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 17–19 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. కొన్ని రోజులు ఇంకా కిందికి పోతుంది. చొక్కా, లుంగీ ఉన్నవాళ్ళకు అది ఒక దుప్పటితో పోయే చలి. ఒంటి మీద నూలుపోగు లేనివాళ్ళ లెక్క వేరు. గాలి కదలని గదిలో ఊరికే కూర్చున్న మనిషికి, బట్టల్లేకుండా చలీ ఉక్కా తెలియకుండా ఉండేది 28–30 డిగ్రీల దగ్గర. అంటే పది డిగ్రీల తేడాను ఎలాగోలా పూడ్చుకోవాలి.

గదిలో థర్మామీటరు లేకపోతే కొబ్బరినూనె సీసా చూడండి. 24 డిగ్రీల దగ్గర అది పేరుకోవడం మొదలుపెడుతుంది. నూనె గడ్డకట్టిందంటే ఆ గదిలో కదలకుండా గంటలకొద్దీ బట్టల్లేకుండా కూర్చోకూడదని గుర్తు.

మన ఊళ్ళలో చలి నేరుగా చేసే కీడు తక్కువే. దాన్ని పోగొట్టుకోవడానికి తెచ్చుకునే హీటరు, వాటర్ రాడ్డు, కుంపటి, పండక్కి పొయ్యి మీద కాగే నూనె, వీటికీ ఒంటికీ మధ్య గుడ్డ లేకపోవడమే అసలు ప్రమాదం. అందుకే ముందు గదిని సర్దుకోవాలి, హీటరు సంగతి ఆ తర్వాత.

గది

బట్టల్లేని ఒంటి నుంచి పోయే వేడిలో సగానికి పైగా చుట్టూ ఉన్న చల్లని గోడలకూ, కప్పుకూ, అద్దాలకూ పోతుంది. గాలి వెచ్చగానే ఉన్నా బయటి గోడ పక్కన మంచం వేసుకుంటే వీపు వణకడానికి కారణం ఇదే. పై అంతస్తులో ఉండేవాళ్ళకు ఇది బాగా తెలుస్తుంది, రాత్రంతా స్లాబు ఆకాశానికి వేడి వదిలేసి తెల్లారేసరికి చల్లబడుతుంది. మంచాన్ని బయటి గోడకు రెండడుగుల దూరం జరపండి. చలికాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీ ఉన్న గదిని పగటి గదిగా పెట్టుకోండి. ఎండ పడినంతసేపు బయటివాళ్ళకు లోపల కనపడని పల్చని తెర ఉంచి, పొద్దు వాలకముందే, అంటే ఐదు గంటలకల్లా, మందపాటి తెర లాగేయండి. పగలు లోపల ఏమీ కనిపించనివ్వని పల్చని తెర, రాత్రి లైటు వెయ్యగానే ఎదుటి ఫ్లాట్‌కు అన్నీ చూపిస్తుంది.

నేల సంగతి చాలామంది పట్టించుకోరు. మార్బుల్, గ్రానైట్, టైల్సు పాదాల వేడిని గబగబా లాగేస్తాయి. నడిచే దారంతా జంపఖానా, కూర్చునే చోట చాప వేసి దాని మీద దుప్పటి పరవండి. పరచడానికి ఏమీ లేకపోతే ఉన్ని సాక్సు ఒక్క జత చాలు. కుర్చీ ఏదైనా సరే, తువ్వాలు వేసుకునే కూర్చోవాలి. శుభ్రతకు అది ఎటూ నేచురిస్టుల (బట్టల్లేకుండా ఉండటాన్ని పద్ధతిగా పాటించేవాళ్ళ) నియమం, చలికాలం వెచ్చదనానికీ అదే.

ఫ్యాన్. దోమల భయంతో డిసెంబరులో కూడా ఒకటో నంబరు మీద పెట్టుకుని పడుకునే ఇళ్ళు మనవి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే పోతాయి కాబట్టి ఆ భయం న్యాయమైనదే. కానీ ఒంటిని అంటి ఉండే పల్చని వెచ్చటి గాలి పొరను ఆ కొద్దిపాటి గాలి చెదరగొట్టేస్తుంది. ఫ్యాన్ ఆపి దోమతెర కట్టుకోండి. తెర లోపల కొంచెం వెచ్చగా కూడా ఉంటుంది. మూసిన గదిలో కాయిల్ వెలిగించి పడుకోవద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

హీటరు, కుంపటి, రాడ్డు

2000 వాట్ల హీటరు మన 230 వోల్టుల కరెంటు మీద సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్లోనో, ఎక్స్‌టెన్షన్ బాక్సులోనో పెడితే పిన్నుల దగ్గర వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. గీజరుకు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల సాకెట్టే కావాలి. గంటకు రెండు యూనిట్లు కాలుతుందని కూడా లెక్కలో ఉంచుకోండి. ఎర్రగా మండే హాలోజన్, రాడ్ హీటర్ల కంటే ఆయిల్ రేడియేటర్ మేలు. మెల్లగా వేడెక్కుతుంది, నిప్పులాంటి తీగ బయటికి ఉండదు. ఏదైనా ఒంటికీ తెరలకూ మీటరు దూరం తగ్గకూడదు. రోజూ దగ్గరగా కాళ్ళు కాచుకుంటే పిక్కల మీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు పడతాయి. అవి కనిపిస్తే హీటరు దూరం పెట్టండి. పడుకునే ముందు తీసేయండి.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మత్తు వచ్చేసరికే లేచే ఓపిక పోతుంది. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజరుతోనూ ఇదే ప్రమాదం. వెంటిలేటర్ చలికి మూయకండి.

20 లీటర్ల బకెట్ నీళ్ళు 24 డిగ్రీల నుంచి 40కి రావడానికి 1500 వాట్ల రాడ్డుకు 15–20 నిమిషాలు పడుతుంది. కాగాయో లేదో చేయి పెట్టి చూసే అలవాటు మానండి. స్విచ్ తీసి, ప్లగ్ పీకి, రాడ్డు బయటపెట్టాకే నీళ్ళు ముట్టుకోవాలి. తడి ఒళ్ళు, చెప్పులు లేని కాళ్ళు కరెంటుకు సులువైన దారి. ఇంటి మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే సంక్రాంతిలోగా ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి. ఈ కాలంలో ఇంతకు మించిన పెట్టుబడి లేదు.

స్నానానికి 38–40 డిగ్రీలు చాలు. మరీ వేడి నీళ్ళు చర్మంలోని జిడ్డును కడిగేసి పగుళ్ళు తెస్తాయి. స్నానం అయిన వెంటనే బాత్రూంలోనే పూర్తిగా తుడుచుకోండి, ఒంటి మీది తడి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. జుట్టు ముఖ్యంగా తుడవాలి. తడి ఆరీ ఆరకముందే మూడు నాలుగు చెంచాల నువ్వుల నూనె ఒళ్ళంతా పట్టిస్తే చర్మం పొడిబారదు. అరికాళ్ళకు రాస్తే మాత్రం సాక్సు వేసుకోండి, టైల్సు మీద జారతారు.

వంటింట్లో

ఇక్కడ మినహాయింపు లేదు. పొయ్యి వెలిగితే మోకాళ్ళ దాకా దిగే మందపాటి నూలు ఏప్రాన్ కట్టాల్సిందే, నైలాన్‌ది వద్దు. తాలింపులో ఆవాలు చిటపటలాడి పైకి ఎగురుతాయి. గారెల పిండి తడిచేత్తో జారవిడిచినప్పుడు నూనె చిట్లుతుంది. అరిసె లోపల చిక్కిన ఆవిరి పేలితే నూనె ఛాతీ దాకా వస్తుంది. పండగ పిండివంటల రోజు పూర్తిగా బట్టలు వేసుకోవడమే మంచిది. కాలితే ఆ చోటును 20 నిమిషాలు పంపు నీళ్ళ కింద పెట్టండి. టూత్‌పేస్టు, పసుపు పుయ్యకండి.

గుంటూరు కారం చేతికంటితే ఉత్త నీళ్ళతో పోదు, నూనెలో కరుగుతుంది. ముందు కొబ్బరినూనె రుద్ది తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. అంతదాకా ఒంటి మీద ఎక్కడా చెయ్యి వెయ్యొద్దు.

అలవాటు చేసుకోవడం, ఆపడం

ఒక్కసారిగా మొదలుపెట్టకండి. మొదట ఎండవేళ అరగంట, రోజూ కాస్త పెంచుకుంటూ పోతే రెండు మూడు వారాల్లో ఒళ్ళు సర్దుకుంటుంది. పొద్దున పది పన్నెండు సూర్యనమస్కారాలో, ఇల్లు ఊడ్చి తుడవడమో చేస్తే ఒళ్ళు కాగుతుంది. చెమట పట్టకముందే ఆపాలి, పట్టిందంటే ఆరేటప్పుడు మరింత చలి. వెచ్చదనానికి మందు తాగడం తప్పు. చర్మపు రక్తనాళాలు విప్పారి లోపలి వేడి బయటికి పోతుంది, వెచ్చగా ఉందన్న భ్రమ మిగులుతుంది. మిరియాల చారో, శొంఠి కాఫీయో తాగండి. రాత్రి ఒంటికి తగిలేలా మెత్తటి నూలు దుప్పటి, దాని మీద కంబళి లేదా బొంత. నాలుగు, ఆరు గంటల మధ్యే ఎక్కువ చలి కాబట్టి లేవగానే చేతికందేలా శాలువా పెట్టుకోండి.

తలుపు పక్క కొక్కేనికి లుంగీ, నైటీ ఎప్పుడూ వేలాడుతుండాలి. పనమ్మాయి, గ్యాస్ బండ అబ్బాయి, పక్కింటి పిన్నిగారు ఎవరొచ్చినా కప్పుకునే తలుపు తీయాలి. ఇంట్లో మిగతావాళ్ళ ఒప్పుదల లేకుండా ఇది మొదలుపెట్టకూడదు. డాబా మీద, బాల్కనీలో ఎండకోసం బట్టల్లేకుండా కూర్చోవద్దు. పదిమందికీ కనిపించే చోట అలా ఉండి ఎవరికైనా ఇబ్బంది కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద కేసు కావచ్చు.

పసిపిల్లలూ, అరవై దాటినవాళ్ళూ, థైరాయిడ్ తక్కువున్నవాళ్ళూ ఈ రెండు నెలలూ పగటి ఎండవేళకే పరిమితం కావాలి. సుగర్ వల్ల కాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళకు వేడి తెలియదు. వేడినీళ్ళ సంచి, హీటరు వాళ్ళ పాదాల దగ్గరికి రానివ్వద్దు. మిగతావాళ్ళు కూడా ఆ సంచిని మూడింట రెండొంతులే నింపి, తువ్వాలు చుట్టి వాడాలి.

వణుకు మొదలైతే అక్కడితో ఆపి బట్టలు వేసుకోండి. ఇది దీక్ష కాదు, కప్పుకుంటే ఏ నియమమూ చెడదు. వేళ్ళు మాట వినకపోయినా, మాట తడబడినా ఇంకా చూస్తూ కూర్చోకూడదు. మనిషి బాగా చల్లబడి ఉండి వణుకు ఆగిపోయి మత్తుగా అయితే, వెచ్చబడ్డాడని అనుకోకండి. తడి ఉంటే తుడిచి, తలతో సహా కంబళ్ళు చుట్టి, కాళ్ళూ చేతులూ రుద్దకుండా 108కి ఫోన్ చేయండి.