క్వాడ్‌-ఏ రికార్డు పెట్టేముందు: ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు ఐపీవీ6 జాగ్రత్తలు

ఐపీవీ6 అంటే ఇంటర్నెట్ అడ్రస్‌ల కొత్త పద్ధతి, పాతది ఐపీవీ4. సర్వర్ పేరుకు ఐపీవీ6 అడ్రస్ ఏదో డీఎన్‌ఎస్‌లో చెప్పేది క్వాడ్‌-ఏ (AAAA) రికార్డు. రౌటర్లో ఐపీవీ6 ఆన్ చేయడం నెట్‌వర్క్ టీముకు పెద్ద పనేం కాదు. తిప్పలన్నీ పాత ఈఆర్‌పీ, పేరోల్, బిల్లింగ్ కోడ్‌లో ఉంటాయి. ఐపీ అంటే నాలుగు సంఖ్యలు, మూడు చుక్కలే అనుకుని రాసిన ప్రతి చోటా.

ముందు డేటాబేస్ వెతకండి. లాగిన్, ఆడిట్ టేబుళ్లలో ఐపీ కాలమ్ చాలాసార్లు 15 అక్షరాల వర్‌చార్ (టెక్స్ట్ కాలమ్) అయి ఉంటుంది. ఐపీవీ6 అడ్రస్ పూర్తిగా రాస్తే 39 అక్షరాలు, వెనక ఐపీవీ4 తగిలించిన రూపమైతే 45. కాబట్టి 45 పెట్టండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే ఐపీల కోసమే ఉన్న ఐనెట్ టైపే వాడండి. మార్చకపోతే సెట్టింగును బట్టి ఇన్సర్ట్ ఎర్రర్ వస్తుంది, లేదా అడ్రస్ చప్పుడు లేకుండా సగానికి తెగుతుంది. ఎర్రరే నయం, విషయం అప్పుడే బయటపడుతుంది.

::1, 0:0:0:0:0:0:0:1 రెండూ ఒకటే అడ్రస్. స్ట్రింగులుగా పోలిస్తే మాత్రం వేర్వేరు, వైట్‌లిస్ట్‌లో ఉన్నవాడికే తలుపు మూసుకుంటుంది. లైబ్రరీతో పార్స్ చేసి ఆర్‌ఎఫ్‌సీ 5952 అనే ప్రమాణం చెప్పిన ఒకే రూపంలో దాచండి. పోర్టు విడగొట్టే కోడూ చూడండి: 127.0.0.1:8080ని మొదటి కోలన్ దగ్గర కోసే ఫంక్షన్‌కు [::1]:8080 ఇస్తే సర్వర్ పేరుగా ఒక్క బ్రాకెట్ మిగులుతుంది! జావా స్టార్టప్ స్క్రిప్టుల్లో ఐపీవీ4నే వాడమనే ఆప్షన్ ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉండొచ్చు, అదీ వెతకండి.

ఫైర్‌వాల్ దగ్గర రెండు తప్పులు జరుగుతాయి. లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్ రూల్స్ ఐపీవీ6కు వర్తించవు. పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టు మూశామనుకుంటారు, ఐపీవీ6 వైపు బార్లా తెరిచే ఉంటుంది. ఐపీ6టేబుల్స్ రూల్స్ విడిగా రాసి, బయటి నుంచి స్కాన్ చేయండి. రెండోది, ఐసీఎంపీవీ6 (నెట్‌వర్క్ తన ఇబ్బందులు చెప్పుకునే మెసేజ్‌లు) మొత్తాన్నీ బ్లాక్ చేయడం. ఐపీవీ6లో దారిలోని రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు, ‘ప్యాకెట్ మరీ పెద్దది’ అని మెసేజ్ పంపుతాయి. అది అందకపోతే లాగిన్ పేజీ చక్కగా తెరుచుకుంటుంది, పెద్ద రిపోర్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కనెక్షన్ కుదిరాకే ఆగింది కాబట్టి బ్రౌజర్ కూడా ఐపీవీ4కు మళ్లదు.

రేట్ లిమిట్‌ను (ఇంత సేపట్లో ఇన్ని రిక్వెస్టులే అనే హద్దు) ఒక్కో అడ్రస్‌కు కాక /64 బ్లాకుకు, అంటే మొదటి 64 బిట్లు ఒకటే అయిన అడ్రస్‌ల గుంపుకు పెట్టండి. యూజర్ మెషిన్ అడ్రస్ తనంతట తానే మారుతుంటుంది, సెషన్‌ను ఐపీకి కట్టేస్తే మాటిమాటికీ లాగౌట్ అవుతారు.

టెస్టింగ్‌కు ఐపీవీ4 పూర్తిగా తీసేసిన మెషిన్ ఒకటి కావాలి. రెండూ ఉంటే ఐపీవీ6 కనెక్ట్ కాకపోయినా బ్రౌజర్ ఐపీవీ4తో నెట్టుకొస్తుంది, తప్పు కనపడదు. రాత్రి నడిచే బ్యాచ్ జాబులకు ఆ తెలివి లేకపోవచ్చు, టైమౌట్ దాకా కూర్చుంటాయి.

క్వాడ్‌-ఏ రికార్డు అన్నిటికన్నా చివర, 300 సెకన్ల టీటీఎల్‌తో (రికార్డును ఇతరులు దాచుకునే గడువు) పెట్టండి. జీతాల రోజు, నెలవారీ జీఎస్‌టీ రిటర్నుల 11, 20 తేదీల దగ్గర వద్దు. తేడా వస్తే సర్వర్‌లో ఐపీవీ6 ఆపకండి, ఆ రికార్డొక్కటే తీసేయండి.